పంతొమ్మిదంటే ఇరవైఐదు

మా పట్టుగుడ్ల కేంద్రం ఏ ఊళ్లో ఉందో చెప్పను. చెబితే సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుంది. దానికి జవాబు రాసే ఓపిక నాకు లేదు. హిందూపురం నుంచి బస్సులో ముప్పావుగంట అని మాత్రం చెప్పగలను. నా పేరు తిప్పేస్వామి, అక్కడ సీనియర్ అసిస్టెంటుని. ఇరవైరెండేళ్ల సర్వీసులో ఏ కాగితమూ పోగొట్టలేదు, ఏ పనీ తొందరపడి చేయలేదు. అందుకే నా జోలికి ఎవరూ రాలేదు.

పట్టుపురుగుల గుడ్లు అట్టలకు అంటుకుని మా దగ్గరికి వస్తాయి. ఆవగింజ కన్నా చిన్నవి. పదిరోజులు వాటిని ఇరవైఐదు డిగ్రీల గదిలో ఉంచి, గుడ్డు మీద నల్లచుక్క కనపడగానే రైతులకు ఇస్తాం. మర్నాడో ఆ మర్నాడో రైతు ఇంట్లో అన్నీ ఒక్కసారే పగలాలి. గది వేడెక్కితే పురుగు గుడ్డులోనే మాడిపోతుంది. చల్లబడితే ఒక గుడ్డు ఇవాళ పగులుతుంది, ఒకటి నాలుగురోజులకు పగులుతుంది, ఒకటి అసలు పగలనే పగలదు. అలాంటి పంటను చూసి ఏడవడం తప్ప రైతు చేయగలిగింది ఏమీ లేదు.

ఆ గదిలో ఏసీలు నాలుగు. నాలుగు పథకాల కింద నాలుగుసార్లు కొన్నారు కాబట్టి నాలుగూ నాలుగు కంపెనీలవి. వాటి రిమోట్లలో ఒకదాన్ని ఎలుకలు కొరికేశాయి. ఒకటి బదిలీ అయిన అధికారి సామాన్లలో కలిసి కర్నూలు వెళ్లిపోయింది. మిగిలిన రెండూ చావుబతుకుల్లో ఉంటే, నేనే బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే మస్తాన్ వలిని పిలిపించాను.

వలి ఒక చిన్న పెట్టె తెచ్చి, దాని ముందు రిమోట్ పెట్టి మీటలు నొక్కుతూ కూర్చున్నాడు. కంప్యూటరు మీద అంకెలు పరుగెత్తాయి. ఏమిటవి అని అడిగాను.

"రిమోట్ కొనలో ఉండే బల్బు కంటికి కనపడని వెలుతురు ఇస్తాది సార్. ఎంతసేపు వెలిగె, ఎంతసేపు ఆరె, అదే దాని మాట. ఆ మాటను ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా రాసుకుంటాది. ఒకడు నిమిషాల్లో చెప్తే ఇంకొకడు గడియల్లో చెప్పినట్ల. పోయిన రిమోట్ల కోడ్లు నెట్లో దొరుకుతాయి. ఈ రాత నుంచి ఆ రాతకు మార్చి, నాలుగు ఏసీల కోడ్లూ ఒక్క రిమోట్లో పెడతా."

"ఎంతసేపు పడుతుంది?"

"టీవీ అయితే గంట. దానికి ఒక మీటకు ఒక మాటే. ఏసీ రిమోట్ అట్ల కాదు సార్. ఏ మీట నొక్కినా కథంతా మొదటి నుంచి చెప్తాది. చల్లదనం ఇంత, ఫ్యాను ఇంత, రెక్క ఇటు అని మొత్తం. ఇరవైనాలుగుకు ఒక కోడు, ఇరవైఐదుకు ఇంకోటి. ఒక్కో ఏసీకి ఆరువందల డెబ్బైరెండు పడతాయి. మూడుదినాలు ఇయ్యండి."

మూడురోజుల్లో చేసి ఇచ్చాడు. ఆ రిమోట్‌తో మూడు పంటల గుడ్లు బ్రహ్మాండంగా పగిలాయి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఒక వస్తువు ఏడాది పాటు సక్రమంగా పనిచేస్తే పైవాళ్లకు తెలియకుండా ఉండదు.

రాష్ట్ర పరికర సమన్వయ మండలి అని ఒకటుంది. అది ఎందుకు పుట్టిందో దానికే గుర్తులేదు. అక్కడి నుంచి సర్క్యులర్ వచ్చింది. "ప్రభుత్వ కార్యాలయములందలి దూరనియంత్రణ పరికరముల సంకేతములు వివిధ రూపములలో ఉండుట వలన పరిపాలనలో ఏకరూపత కొరవడుచున్నందున, సదరు సంకేతములన్నియు పట్టిక-9 రూపములోనికి పరివర్తించబడవలెను. ఇతర రూపములలోని వెలుతురును ప్రసరింపజేయుట శిక్షార్హము." కింద సంతకం, ప్రామాణీకరణాధికారి గరుడాచలం.

వారం తిరక్కుండా గరుడాచలం గారే స్వయంగా దిగారు. సన్నగా, పొడుగ్గా, మెడచుట్టూ మఫ్లరుతో ఉన్నారు. బయట నలభైఒక్క డిగ్రీల ఎండ. మా సహాయ సంచాలకులు విరూపాక్షయ్య గారు బొకే ఇచ్చారు. విరూపాక్షయ్య గారికి పదవీ విరమణ ఇంకా నాలుగు నెలలే ఉంది. ఆ నాలుగు నెలలూ ఎవరి మాటా కాదనకూడదని ఆయన దీక్ష పట్టారు.

గరుడాచలం గారు వలి రిమోట్ తీసుకుని మీటలు లెక్కపెట్టారు. తర్వాత వలి రాసి ఇచ్చిన కోడ్ల జాబితా చూశారు.

"మీటలు పద్నాలుగు. సంకేతములు ఆరువందల డెబ్బైరెండు. తక్కిన ఆరువందల యాభైఎనిమిది ఎవరి ప్రయోజనార్థము?"

ఏసీ రిమోట్ ప్రతిసారీ కథంతా చెబుతుందని వలి నాకు చెప్పింది నేను ఆయనకు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"ఒక ఉద్యోగి ప్రతి దరఖాస్తుతోను తన జీవితచరిత్ర జతపరచినచో కార్యాలయము నడచునా? ఒక మీటకు ఒక సంకేతము. పట్టిక-9లో వరుసలు పద్నాలుగే. మిగులు సంకేతములను రద్దుచేయుచున్నాను."

"అయితే సార్, ఏ చల్లదనం దగ్గర మీట నొక్కి రాసుకుంటారు?" అని అడిగాను. నా సర్వీసులో నేను పైఅధికారిని అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"కార్యాలయము ఏ ఉష్ణోగ్రతలో ఉండునో ఆ ఉష్ణోగ్రతలోనే" అన్నారాయన. అప్పుడు విరూపాక్షయ్య గారి గదిలో ఏసీ పద్దెనిమిది మీద ఉంది, అతిథి మర్యాద కోసం. ఆ గదిలోనే కూర్చుని, వలి రిమోట్‌నూ పద్దెనిమిది మీదే పెట్టి, గుడ్ల గదిలోని మొదటి ఏసీకి పెంచే మీట ఒకసారి నొక్కి ఒక కోడు, తగ్గించే మీట ఒకసారి నొక్కి ఒక కోడు, అలా పద్నాలుగూ తీయించారు. పెంచే మీట పంతొమ్మిది అని చెప్పింది. తగ్గించే మీట మళ్లీ పద్దెనిమిది అని చెప్పింది. ఒక్కో కోడుకు రెండువందల అంకెలు. టైపిస్టు వాటిని కాగితాల మీద కొట్టింది. విరూపాక్షయ్య గారు ప్రతి పేజీ కింద పచ్చసిరాతో నిజప్రతి అని ధ్రువీకరించారు. మూడు ప్రతులు తయారయ్యాయి. మిగతా మూడు కంపెనీల ఏసీలకూ అలాగే చేశారు. వలి రిమోట్‌ను కవర్లో పెట్టి లక్క ముద్ర వేసి బీరువాలో పడేశారు.

అధికారిక రిమోట్ వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. సరిగ్గా దానికి ముందురోజే గుడ్లు కూడా వచ్చాయి. ముప్పైఒక్కమంది రైతుల గుడ్లు.

వాళ్లలో ఓబులమ్మ ఒకతె. రెండెకరాల మల్బరీ తోట, ఇంట్లో మగదిక్కు లేదు, నోరు మాత్రం పదిమంది పెట్టు. పోయిన పంట రోగమొచ్చి మొత్తం పారబోసింది. ఈసారి గుడ్లు వచ్చే గురువారం పగిలేలా లెక్కేసి, లేతాకు కోసం తోట కొమ్మలు కొట్టి, ఆకు లెక్క చూసుకుని కూర్చుంది. పుట్టిన పురుగుకు లేతాకే కావాలి. గురువారం దాటి నాలుగు రోజులైతే ఆకు ముదురుతుంది, పురుగు దాన్ని కొరకలేదు. వరసగా రెండో పంట పోతే తోట పీకేసి బెంగుళూరులో ఏ అపార్టుమెంటులోనో గిన్నెలు తోముకోవాల్సిందేనని ఆమే నాతో చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పింది, కాని నాకు నవ్వు రాలేదు.

అధికారిక రిమోట్ పెట్టె తెరిచి, ఏసీ వైపు పెట్టి పెంచే మీట నొక్కాను. పంతొమ్మిది పడింది. మళ్లీ నొక్కాను. పంతొమ్మిదే. పదిసార్లు నొక్కాను. ఏసీ ప్రతిసారీ విన్నానన్నట్టు కీచుమంది, పంతొమ్మిది దగ్గరే కూర్చుంది. దాని తప్పేముంది, మనం చెప్పేది అదే.

గరుడాచలం గారికి ఫోన్ చేశాను.

"ఇరవైఐదు పడటం లేదు సార్."

"ఇరవైఐదు అను సంకేతము పట్టిక-9లో ఉన్నదా?"

"లేదు సార్."

"లేనిదానిని కోరుట క్రమశిక్షణా రాహిత్యము. గుడ్లు పంతొమ్మిదిలో పగులుటకు అభ్యంతరమేమి?"

"అవి సరిగా పగలవు సార్."

"వాటి నుంచి లిఖితపూర్వకముగా ఏమైనా అందినదా?"

లేదన్నాను. అయితే తొందరపడవద్దన్నారు. మరో రెండు రోజులకు విరూపాక్షయ్య గారి పేర మెమో వచ్చింది. అందులో గుడ్లు నూతన విధానమునకు అలవాటుపడుటకు తగు ప్రోత్సాహము ఇవ్వవలసిందని ఉంది. విరూపాక్షయ్య గారు దాన్ని రెండుసార్లు చదివి, నన్ను పిలిచారు.

"తిప్పేస్వామీ, ప్రోత్సాహం అంటే ఏం చేద్దామయ్యా?"

"ఏం చేయలేం సార్. వలి రిమోట్ బయటికి తీద్దాం."

"నాలుగు నెలలయ్యా నాకు" అన్నారాయన. ఆయన గొంతు విని నాకు జాలేసింది. ఆ మర్నాడే ఆయన బల్ల మీది తాళంచెవులు అడక్కుండా తీసుకుని, బీరువా తెరిచి, ముద్ర పగలగొట్టి, వలి రిమోట్‌తో గదిని ఇరవైఐదుకు తెచ్చాను. రెండు గంటలు హాయిగా నడిచింది.

రెండు గంటలే. ఆ సాయంత్రం మండలి నుంచి ఒక తనిఖీదారు వచ్చి, గుడ్ల గది ముందు కుర్చీ వేసుకుని, చేతిలో సెల్‌ఫోన్ కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. కంటికి కనపడని వెలుతురు కెమెరాలో ఊదారంగు చుక్కలా కనపడుతుందట. అనధికార వెలుతురు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. భోజనానికి కూడా లేవకుండా అలా ఫోన్ పట్టుకునే తిన్నాడు. ఇలాంటి శ్రద్ధ మా శాఖలో నేనెన్నడూ చూడలేదు. వలి రిమోట్‌ను మండలికి పంపేసి, అధికారిక రిమోట్‌తో గదిని మళ్లీ పంతొమ్మిదికి దించారు. ఆన్‌కూ ఆఫ్‌కూ కలిపి పట్టికలో ఉన్న ఒక్క కోడు ఆన్ చేసేదే. పోనీ ఏసీ ప్లగ్గు కాసేపు పీకి మళ్లీ పెడదామనుకుంటే, ప్లగ్గుకు కూడా లక్క ముద్ర వేశారు.

నేను ఊరుకోలేదు. గోడకున్న థర్మామీటరు పంతొమ్మిది చూపిస్తోందని రాతపూర్వకంగా నివేదించాను. రాతపూర్వకంగా ఇచ్చినదానికి రాతపూర్వకంగా చర్య తీసుకున్నారు. "ఉష్ణోగ్రతా పరివర్తన ఉత్తర్వు: పట్టిక-9 అమలులో ఉన్న కార్యాలయములందు పంతొమ్మిది డిగ్రీలను ఇరవైఐదు డిగ్రీలుగా పరిగణించవలెను." దానితోపాటు ఏసీల మీద అతికించడానికి ఇరవైఐదు అని ముద్రించిన నాలుగు స్టిక్కర్లు వచ్చాయి. థర్మామీటరు మాత్రం పాత రూపంలో ఉందని, దాన్ని పరివర్తన కోసం తీసుకెళ్లారు.

స్టిక్కర్లు నేనే అతికించాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కాని అతికించాను.

ఆ రోజే ఓబులమ్మ గుడ్లు చూసుకోవడానికి వచ్చింది. గది తలుపు తీయగానే కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఇదేంది సామీ, ఇంత చలి? గుడ్లను సంపేస్తాండారా?"

"ఇరవైఐదు" అన్నాను, స్టిక్కరు చూపించి.

ఆమె స్టిక్కరు వంక చూడలేదు. ట్రే మీదికి వంగి, అట్టకు అంగుళం దూరంలో చెంప పెట్టి ఒక నిమిషం ఉంది. లేచి నా మొహంలోకి చూసింది.

"నువ్వు రోజూ ఈ గదిలోకి వస్తావు గదా సామీ. నీకు చలి పెట్టలేదా?"

ఆ ప్రశ్నకు జవాబు పట్టిక-9లో లేదు. పెట్టిందక్కా, అన్నాను.

"నా గుడ్లు నాకిచ్చేయి. మా అత్త దినాల్లో ఏసీలు యాడివి? గోనెపట్టాలు తడిపి వాకిళ్లకు కట్టి, కింద ఇసుక పోసి నీళ్లు చల్లుతా ఉండె. నేనూ అట్లనే చేసుకుంటా. పగిల్తే పగుల్తాయి, లేకుంటే నా కండ్ల ముందర పోతాయి. నీ స్టిక్కరు కింద పోయేది మాత్రం వద్దు."

నల్లచుక్క కనపడకుండా గుడ్లు ఇవ్వకూడదని నియమం. ఆ నియమం నేనే పదిహేనేళ్ల క్రితం అందంగా టైపు చేయించి గోడకు తగిలించాను. దాని కింద నిలబడే ఇష్యూ రిజిస్టరు తెరిచాను. ఓబులమ్మ పేరు ఎదురుగా "ఇవ్వడమైనది" అని రాశాను. ఒక్కదానికి ఇచ్చి ముప్పైమందిని చంపడం ఏం న్యాయం అనిపించింది. ఫోన్లు చేసి అందరినీ పిలిచాను. తనిఖీదారు కెమెరా కిందికి దించకుండా, ఏం జరుగుతోందని అడిగాడు. గుడ్లు పోతున్నాయి అన్నాను. వెలుతురు ఏమైనా వాడారా అని అడిగాడు. లేదన్నాను. అయితే తన పరిధిలోకి రాదన్నాడు.

పొద్దు గూకేలోగా గది ఖాళీ అయింది. ఓబులమ్మ అరుగు మీద కూర్చుని ముప్పైమందికీ గోనెలు ఎలా కట్టాలో, నీళ్లు ఎప్పుడు చల్లాలో చెప్పింది. విరూపాక్షయ్య గారు కిటికీలోంచి అంతా చూశారు. చూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆయన చేయగలిగిన ధైర్యం అంత.

గురువారం తెల్లారేసరికి ఓబులమ్మ ఇంట్లో గుడ్లు పగలలేదు. ఆ చలి రోజులు వాటిని వెనక్కి లాగాయి. ఆరోజంతా నేను ఆఫీసులో ఏ కాగితం పట్టుకున్నా అక్షరాలు కనపడలేదు. శుక్రవారం పగలలేదు. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె ఫోన్ చేసింది. "వచ్చినాయి సామీ. అన్నీ ఒక్కసారే. చీమల మాదిరి గిజగిజలాడతాండాయి. ఆకు ఇంకా మెత్తంగానే ఉండాది" అంది. నేను కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచానో తెలియక, మళ్లీ కూర్చున్నాను.

నెల తిరిగేసరికి గరుడాచలం గారు విధానం అమలును పరిశీలించడానికి వచ్చారు. ఖాళీ గుడ్ల గదిలో నిలబడి మఫ్లరు బిగించారు.

"ఇరవైఐదు అయినను కొంచెము చలిగానున్నది" అన్నారు. "గుడ్లు పగిలిన శాతమెంత?"

"తొంభైరెండు సార్."

ఆయన మొహం వెలిగిపోయింది. పట్టిక-9 విజయం మీద రాష్ట్రస్థాయి సదస్సు పెడతామన్నారు. విరూపాక్షయ్య గారికి శాలువా అన్నారు. అక్కడ నోరుమూసుకుని ఉంటే సరిపోయేది. కాని ఆ తొంభైరెండు ఓబులమ్మది. ఒక స్టిక్కరు దాన్ని ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"గుడ్లు ఇక్కడ పగలలేదు సార్. రైతుల ఇళ్లలో, తడిగోనెల కింద పగిలాయి. ఓబులమ్మ అనే ఆమె చెంప దగ్గర పెట్టి చూసి ఎంత వేడో చెప్పేది."

గరుడాచలం గారు కోప్పడలేదు. ఆలోచించారు. దానికే నాకు భయం వేసింది.

"అనగా ప్రభుత్వ గుడ్లు అనధికార రూపములోని ఇరవైఐదు డిగ్రీలను స్వీకరించినవి. పంట క్రమబద్ధము కావలెనన్నచో ఆ రూపమును పట్టిక-9లోనికి పరివర్తించవలసియున్నది. వివరములు సేకరించి మూడు ప్రతులు పంపుడు."

పట్టిక పట్టుకుని ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. చంద్రికల నిండా, అంటే పురుగులు ఎక్కే వెదురు తడకల నిండా, పట్టుగూళ్లు కట్టి ఉన్నాయి, తెల్లగా, గట్టిగా. ఆమె ఒకటి తెంపి నా చేతిలో పెట్టి, చెవి దగ్గర ఊపి చూడమంది. లోపల పురుగు బరువుగా కదిలింది. ఈ పంట పోలేదు, ఈమె బెంగుళూరు వెళ్లదు అనుకుంటూ కాసేపు పట్టికనే తీయలేదు.

తర్వాత తీశాను. ఎంత వేడి ఉందో ఎలా తెలిసేదక్కా అని అడిగాను.

"చెంప పెడితే తెలుస్తాది గదా. సల్లంగా ఉంటే ఒక గోనె తీసేసేది. ఎచ్చంగా ఉంటే ఒక చెంబు నీళ్లు కొట్టేది. దీంట్లో రాసుకునేదానికి ఏముండాది సామీ?"

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. పరికరము: చెంప. సంకేతములు: రెండు. తొమ్మిది రోజులకు కాగితం వెనక్కి వచ్చింది, ఎర్రసిరాతో అభ్యంతరాలు రాసి. "చెంప తయారీదారు పేరు, మోడల్ సంఖ్య తెలుపలేదు. రెండు చెంపలలో ఏది వినియోగించినదో స్పష్టత లేదు. సదరు చెంపను పరీక్షార్థము మండలికి పంపవలెను. అంతవరకు ఓబులమ్మ గుడ్ల సమీపమునకు పోరాదు. తదుపరి పంటకు ఆమెకు గుడ్లు నిలిపివేయడమైనది."

ఈసారి నేను వెళ్లలేదు. కబురు తెలిసి ఆమే ఆఫీసుకు వచ్చింది. కాగితం చదివి వినిపించమంటే వినిపించాను. చివరి వాక్యం రెండోసారి చదవమంది. చదివాను. ఆమె నా బల్ల మీది అధికారిక రిమోట్ తీసుకుని అటూఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టింది.

"నా చెంప పంపేదానికి కాదు సామీ. ఆయప్పనే రమ్మను. వచ్చేటప్పుడు ఆయప్ప చెంప తెచ్చుకోమను. నా చెయ్యి నాకాడ ఉండాది. కుడిదానికి ఒకటి, ఎడమదానికి ఒకటి ఇస్తా, ఏ కంపెనీదో ఆయప్పకే తెలుస్తాది. ఇదే మాట రాయి. ఒక్క అచ్చరం తగ్గియ్యద్దు."

రాయకపోతే ఆమె లేచేలా లేదు. కాని మా ఆఫీసులో కాగితానికి ఒక రూపం ఉంటుంది. ఆమె మాటను ఆ రూపంలోకి మార్చాను. ఇరవైరెండేళ్ల సర్వీసులో ఇంత శ్రద్ధగా ఏ పరివర్తనా చేయలేదు.

"పై సూచిక ప్రకారము విన్నవించునది ఏమనగా, సదరు సంకేతమును శ్రీమతి ఓబులమ్మ గారు ప్రామాణీకరణాధికారి వారికి స్వయముగా ప్రసారము చేయుటకు అంగీకరించియున్నారు. ప్రసార సాధనము: కుడిచేయి. గ్రహణ సాధనము: అధికారి వారి చెంపలు, రెండును. ఒక చెంపకు ఒక సంకేతము చొప్పున పట్టిక-9 నియమము పాటించబడును. పంట గుడ్ల గడువు సమీపించుచున్నందున వెంటనే హాజరు కాగలరు."

మూడు ప్రతులు తీసి విరూపాక్షయ్య గారి ముందు పెట్టాను. ఆయన పదవీ విరమణకు ఇంకా రెండు నెలలుంది. సాధారణంగా ఆయన చదవకుండా సంతకం పెడతారు. ఈసారి కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు, మళ్లీ చదివారు. తర్వాత పచ్చసిరా కలం తీసి, మూడు ప్రతుల మీదా సంతకం పెట్టారు. ఓబులమ్మకు పై పంటకు గుడ్లు ఇవ్వమని కింద ఒక వాక్యం తన చేత్తో రాశారు.